తేలు మీట

1965 వానకాలం మొదట్లో నన్ను కరీంనగర్ నుంచి చెన్నూరు వైపు, గోదావరి ఒడ్డునున్న ఒక బొగ్గుగనికి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. మోటార్లు, పంపులు నాకు అలవాటైన సరుకే. వాటితో పాటు అప్పగించిన మరో వస్తువు మాత్రం కొత్తది: సర్వే ఆఫీసులోని చల్లగాలి యంత్రం. మేనేజరు గారి గదిలో కూడా ఫ్యానే తిరిగేది. చల్లగాలి సర్వే ఆఫీసుకే, అదీ అక్కడి మనుషుల కోసం కాదు, గుడ్డ కోసం.

గని పటాలను ఆ రోజుల్లో ట్రేసింగ్ గుడ్డ మీద గీసేవారు. సన్నటి నేతగుడ్డకు గంజి పట్టించి, కింద ఉన్న గీత పైకి కనబడేంత మెరుగు పెట్టి దాన్ని తయారు చేస్తారు. గాలిలో తేమ పెరిగితే ఆ గుడ్డ సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పటం మీద వెంట్రుకవాసి తేడా వస్తే భూమి లోపల అది గజాల్లో తేలుతుంది. అందుకని ఆ గదికి యంత్రం పెట్టారు. ఏదో ఒక పని కల్పించుకుని అక్కడికి వచ్చి కాసేపు చల్లబడి పోయేవాళ్లకు కొదవ లేదు.

యంత్రం అటక మీద ఉండేది. దాని లోపలి గొట్టాలకు, ఐసులో పెట్టి తీసిన సోడాసీసాకు పట్టినట్టు, నీళ్లు పడతాయి. ఆ నీళ్లు కింది పళ్లెంలోకి జారి సన్నటి గొట్టంలోంచి బయటికి పోవాలి. గొట్టం పూడుకుంటే పళ్లెం పొంగి, కప్పులోంచి నీళ్లు గదిలో పడతాయి. అలా జరగకుండా పళ్లెంలో ఒక కడ్డీ, దాని కొసన బోలు రాగిబంతి ఉంటాయి. నీళ్లు పెరిగితే బంతి తేలి పైకి లేస్తుంది, కడ్డీ రెండో కొసనున్న స్విచ్ యంత్రాన్ని ఆపేస్తుంది. దీన్ని ఫ్లోట్ స్విచ్ అంటారు. ఆపడం తప్ప దానికి ఇంకో పని లేదు.

మేనేజరు గారికి తెలుగంటే ప్రాణం. గనిలోని బోర్డులన్నీ తెలుగులో ఉండాలని పట్టుబట్టారు. ఫ్లోట్ అంటే ఏమిటని నన్ను అడిగితే తేలడమని చెప్పాను. ఆయన తేలడానికి తోక కత్తిరించి, స్విచ్‌ను మీట చేసి “తేలు మీట” అని ఖాయం చేశారు. చదివేవాళ్లు వేరే తేలు అనుకుంటారేమోనని సందేహం వెలిబుచ్చాను. “సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుందిలేవయ్యా” అన్నారు. ఆ సందర్భాన్ని పెయింటరు తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. అపాయం బోర్డుల మీద పుర్రె బొమ్మ వేయడం అతనికి అలవాటు. అటక దగ్గరి ఈ బోర్డు మీద “తేలు మీట, ముట్టరాదు” అని రాసి, కింద కొండి పైకెత్తిన నల్లతేలును వేశాడు. బొమ్మ మాత్రం బాగా కుదిరింది.

ఆ రోజు నుంచి అటక ఊడ్చేవాళ్లు అటక ఎక్కడం మానేశారు. బొగ్గు దుమ్ము వాళ్ల కోసం ఆగదు కదా, గాలితో పాటు వచ్చి నీటి గొట్టంలో బురదగా పేరుకుంటూ పోయింది.

ఇదిలా ఉండగా గనిలో ఒక పెద్ద చిక్కు వచ్చింది. మేం తవ్వుతున్న గ్యాలరీకి, అంటే బొగ్గులోంచి పోయే సొరంగానికి ఎదురుగా, నిజాం కాలంలో వదిలేసిన పాతగని ఉంది. అది నిండా నీళ్లే, మధ్యనున్న బొగ్గు పగిలితే అవన్నీ మా మనుషుల మీద పడతాయి. పాతనీటికి నిర్ణీత దూరంలోకి వెళ్లాలంటే ముందు సన్నటి బోరు వేసి చూసుకోవాలని నియమం. మనం ఎంత దూరంలో ఉన్నామో తెలియాలంటే పాత పటాన్ని, కొత్త పటాన్ని ఒకే గుడ్డ మీదికి ఎత్తాలి. ఆ పని సర్వేయర్ రాజలింగం మీద పడింది. గ్యాలరీ పని ఆపి చాలా రోజులైంది, పైనుంచి ఒత్తిడి ఎక్కువైంది. పటం వచ్చినా రాకున్నా సోమవారం మొదటి షిఫ్టు దిగాల్సిందేనని మేనేజరు గారు తేల్చేశారు. ఆ షిఫ్టులో రాజలింగం బావమరిది మల్లేశం ఉన్నాడు. రాజలింగం తిండి కూడా బల్ల దగ్గరికే తెప్పించుకునేవాడు.

శనివారం నేను నదిగట్టు పంపు దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం యంత్రం ఆగిపోయింది. అటెండరు ఓదెలు పవర్‌హౌస్‌కు ఫోన్ చేసి, “సర్వే ఆఫీసుల తేలు లేచింది, జల్ది ఫోర్‌మన్ సాబును తోలుండ్రి” అన్నాడు. పవర్‌హౌస్ ఆపరేటరు తెలివైనవాడు. తేలు లేస్తే ఫోర్‌మన్ వచ్చి ఏం చేస్తాడని ఆసుపత్రికి ఫోన్ తిప్పాడు. నాకు కబురు అందడానికి ముందే ఆసుపత్రి వ్యాను కంపౌండరును ఎక్కించుకుని అక్కడికి చేరింది.

నేను వెళ్లేసరికి చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టు రాస్తాను. యంత్రం నడుస్తోంది. కప్పులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ ధార కింద బల్ల మీద వంగి రాజలింగం గీతలు గీస్తున్నాడు. ఆయన నెత్తిన కంపౌండరు గొడుగు పట్టుకుని నిల్చున్నాడు. గుమ్మంలో ఓదెలు బాణాకర్రతో కాపలా కాస్తున్నాడు.

“ఎవలను కుట్టిందో చెప్పరైతిరి” అని కంపౌండరు నా మీద పడ్డాడు.

“ఎవలను కుట్టలే సారూ, లేచిందంతే” అని ఓదెలు బదులిచ్చాడు.

“ఊకె లేస్తదా? రోగి లేకుంట వ్యాను వాపస్ వోదు. నేనేం జెప్పాలె డాక్టరుకు?”

ఆరా తీస్తే సంగతి బయటపడింది. యంత్రం ఆగిందని తెలిసి మేనేజరు గారు ఫోన్‌లో కేకలు వేశారట. ఓదెలు ధైర్యం చేసి అటకెక్కి, లేచిన కడ్డీని చూసి, అదే కొండి అనుకుని, సుతిలితాడుతో కిందికి లాగి కట్టేశాడు. వెంటనే యంత్రం నడిచింది. మేనేజరు గారు శభాష్ అని, ఇక దాన్ని ఆపితే ఊరుకోనని చెప్పారు. కాసేపటికి పళ్లెం పొంగింది. ట్రేసింగ్ గుడ్డ మీద ఒక్క చుక్క పడినా గంజి కరిగి, సిరా అలుక్కుపోతుంది. మొదటి చుక్క పటంలోని గోదావరి మీద పడింది కాబట్టి సరిపోయింది. కొత్త పటం కింద పాత పటాన్ని అతికష్టంగా సరిపెట్టి మేకులు బిగించి ఉన్నందున బల్లను జరపడానికి వీల్లేదు. ఆపమంటే ఓదెలు ఆపడు. చేతులు ఖాళీగా ఉన్నవాడు కంపౌండరు ఒక్కడే కనిపించాడు.

“ఫోర్‌మన్ సాబ్, ముందుగాల మీదికి వోయి గా మిషిన్ బంద్ చెయ్యుండ్రి, ముచ్చట తర్వాత” అన్నాడు రాజలింగం, తల ఎత్తకుండానే. 

నాకు ఒళ్లు మండింది గానీ ఎవరి మీద మండాలో తెలియలేదు. అటకెక్కి కరెంటు తీసి, సుతిలి కోశాను. బంతి పైకి లేచింది. సైకిల్ పుల్లతో గొట్టం పొడిస్తే నల్లటి బురద ముద్దలుగా వచ్చింది. పళ్లెం ఖాళీ కాగానే బంతి దిగింది, కరెంటు ఇస్తే యంత్రం మళ్లీ నడిచింది. కిందినుంచి “సచ్చిందా?” అని కంపౌండరు అడిగాడు. సైకిల్ పుల్ల గీరుకుని నా వేలు తెగింది. నేను కిందికి దిగాక అది చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. పద్ధతి ప్రకారం రోగి దొరికాడు. గోరంత గీతకు మోచేతి దాకా కట్టు కట్టి, నన్ను వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోయి మరీ దింపాడు.

సోమవారం తెల్లవారగానే రాజలింగం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, పటాన్ని మేనేజరు గారి బల్ల మీద పరిచాడు. గ్యాలరీ అప్పటికే నిర్ణీత దూరం దాటి, పాతనీటి వైపు బాగా లోపలికి వెళ్లిపోయింది. మేనేజరు గారు గుడ్డ అంచును వేళ్లతో తడిమారు.

“గుడ్డ తడిసి సాగిందేమోనయ్యా?”

“చుక్క గోదావరి మీద వడ్డది సార్. గని మీద వడలే.”

ఆయన రాజలింగాన్ని చూసిన చూపు నాకు గుర్తుంది. యంత్రం ఆగిందని తెలిసినప్పుడు ఫోన్‌ను కూడా అలాగే చూసి ఉంటారు. అయినా ఆయన గొప్పతనం చెప్పుకోవాలి, షిఫ్టును ఆపి బోరు వేయించారు. బోరుకడ్డీ పాతగనిని తాకగానే నల్లటి నీళ్లు కడ్డీని వెనక్కి తన్నాయి. చెక్క బిరడాలు కొట్టి ఆ రంధ్రాన్ని మూసేసరికి మనుషులు తలదాకా తడిశారు. బెత్తెడు రంధ్రంలోంచే అంత జోరు. గ్యాలరీకి గోడ కట్టి మూసేశారు. సర్వే ఆఫీసు బోర్డు విషయంలో మేనేజరు గారు ఒక మెట్టు దిగి, తేలు బొమ్మను చెరిపించి అక్షరాలను మాత్రం ఉంచారు.

కొన్నాళ్లకు క్యాంటీన్‌లో మల్లేశం కలిశాడు. కృతజ్ఞతగా రెండు ముక్కలు చెబుతాడనుకున్నాను.

“మా బావ ఒక్క గీత గీసిండు, మా గ్యాలరీ మూతవడ్డది. గిప్పుడు నన్ను మూడో నంబర్ గనికి ఏసిండ్రు సారూ. పొద్దుగాల్నే రెండు కోసులు నడుసుడు, మళ్ల గంతే వాపస్. నేనేం పాపం జేసిన్నో!” అన్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో చోట్ల ఫ్లోట్ స్విచ్‌లు బిగించాను. అది లేచి యంత్రం ఆగితే, దాన్ని ఎలా దించాలని కాకుండా ఎందుకు లేచిందని అడగమని ప్రతిచోటా చెప్పేవాణ్ని. ఆపే పరికరం సరిగ్గా పనిచేస్తే కంటికి కనిపించే ఫలితం ఏదీ ఉండదు, ఆగిపోయిన పని తప్ప. అందుకని దాన్ని ఎవరూ మెచ్చుకోరు, తిడతారు. మల్లేశం తన బావను ఆ ఏడాదంతా తిట్టాడు. తిట్టడానికి మల్లేశం ఉన్నాడు.