సోమ్లా అన్న నొప్పి లేదన్నాడు

2023 వానాకాలం. మహబూబాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. ఆ రోజు వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపు. వచ్చినవాళ్ల కీళ్లు ఎంతవరకు వంగుతాయో గోనియోమీటర్ అనే కోణాలు కొలిచే పరికరంతో చూడడం నా వంతు, వైకల్యం ఎంత శాతమో తేల్చడం డాక్టరు వంతు. నలభై వస్తే పింఛను, లేకపోతే లేదు. ఒక్కో మనిషికి మాకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఒక బతుకును తేల్చడానికి అది చాలని ఎవరు అనుకున్నారో, వాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

మధ్యాహ్నం ఒకాయన కర్ర పట్టుకుని, భార్య భుజం మీద చెయ్యేసి గుమ్మం దాకా వచ్చాడు. కాగితం మీద పేరు చూసి నా చెయ్యి ఆగిపోయింది. సోమ్లా. గార్ల పక్క తండా. నా చిన్నప్పుడు మా ఊళ్లో కబడ్డీ అంటే ఆయనే. కూతకు వెళితే ఎవరో ఒకరిని ఔట్ చేయకుండా తిరిగొచ్చేవాడు కాదు. మా అబ్బా, అంటే మా నాన్న, టైలరు, ఆ జట్టుకు బట్టలు కుట్టేవాడు. సోమ్లా అన్న బనీను మీద నంబరు నేనే కుడతానని మా అన్నతో కొట్లాడినదాన్ని.

సంతోషం పట్టలేకపోయాను. "సార్, ఈయన మామూలు మనిషి కాదు. మా దిక్కు కబడ్డీల ఈయనను పట్టినోడే లేడు!" అని గట్టిగా అన్నాను.

గదిలో అందరూ తలలు తిప్పి చూశారు. సోమ్లా అన్న నన్ను చూశాడు, వాళ్లను చూశాడు. కర్ర భార్య చేతికిచ్చి, నిటారుగా బల్ల దాకా నడిచి వచ్చాడు.

"మోకాలు వంచు," అన్నారు డాక్టరు. వంచాడు. నుదుటి మీద చెమట కారుతోంది, పెదవి మాత్రం కదల్లేదు.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"సార్, ఆయన ఓర్చుకుంటుండు. ఇంకోసారి నిదానంగ చూద్దాం," అన్నాను.

"ఆయనే లేదంటుంటే మీకెందుకమ్మా? బయట ఎంతమంది ఉన్నారో చూశారా?"

వాళ్లు తెచ్చిన ఎక్స్‌రే కవరు విప్పనైనా లేదు. ముప్పై శాతం. ఆ అంకె రిజిస్టరులో రాసింది నా చెయ్యే.

వరండాలో ఆయన భార్య మంగ్లి నన్ను నిలదీసింది. "ఏం మేడం, నిన్నెవలు చెప్పుమన్నరు గా ముచ్చట? ఇంట్ల మంచంలకెల్లి లేవాలంటే నేను పట్టాలె. ట్రాక్టర్ మీదికెల్లి పడ్డప్పటి సంది పనికి పోతలేడు. గిప్పుడు మేమేం తినాలె?"

నేను సోమ్లా అన్న వైపు తిరిగాను. ఆయన మీద కూడా కోపం వచ్చింది. "నొప్పి లేదని ఎందుకన్నవన్నా?"

"ఏ కాలు నొస్తుందో ఎదుటి జట్టుకు తెల్వనియ్యం చెల్లె. తెలిస్తే గదే కాలు పట్టుకుంటరు. నలుగురు చూస్తుంటే నొప్పి అననీకి నాకు నోరు రాదు."

ఎదుటి జట్టు! అంటే డాక్టరు, నేను, మా బల్ల. ఆ మాట తప్పని ఆయనకు చెప్పలేకపోయాను.

మళ్లీ పరీక్షించాలని దరఖాస్తు నేనే రాసిచ్చాను. ఆరు నెలలు తిప్పించారు. రెండోసారి పిలుపు వచ్చినప్పుడు ముందే ఫోన్ చేశాను. "అన్నా, ఈసారి నొస్తే నొస్తుందని చెప్పాలె. నీకు దండం పెడ్త." క్యాంపులో ఆయనను ఎరగనట్టే ఉన్నాను. మోకాలు వంచగానే ఆయన అరిచాడు. అందరి ముందు, కళ్ల నీళ్లతో. డాక్టరు ఎక్స్‌రే చూసి అరవై రాశారు.

అప్పటి నుంచి ఎంత తెలిసినవాళ్లనైనా నా బల్ల దగ్గర పొగడను. నొప్పి లేదంటే నమ్మను. ముందు తలుపు మూసి, చేత్తో తడిమి చూస్తాను. నేను నేర్చుకున్నది అదీ. కానీ ఒక మనిషి పదిమందిలో ఏడ్చి చూపిస్తేగాని కాగితం ఇవ్వని ఈ పద్ధతి మీద నాకు మంట ఆరలేదు. ఆ రోజు సోమ్లా అన్నకు రావలసింది వచ్చింది. మంగ్లి నా చేతులు పట్టుకుంది. ఆయన మాత్రం నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.