సగం నల్లరెక్కల ఈగ

హిందూపురంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఉండేది పెనుకొండలో. కొండ వెనక దిన్నె మీద చూసిన ఒక ఈగ పేరు తెలుసుకోవాలని మూడేళ్లు తిరిగాను. తెలుసుకోలేకపోయాను.

మొదటిసారి దాన్ని తేనెటీగ అనుకున్నాను. ఒంటినిండా గోధుమరంగు నూగు, ముందుకు సూదిలా పొడుచుకొచ్చిన తొండం. తుమ్మిపూల ముందు గాలిలో కదలకుండా నిలబడి తేనె తాగుతోంది. ఫోన్ పట్టుకుని నేను వంగి ఉండటం చూసి, అక్కడ మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ దగ్గరికొచ్చింది.

"ఏం పారేసుకున్న్యావమ్మా ఈడ?"

"తేనెటీగను ఫొటో తీస్తున్నానవ్వా."

"అది తేనీగ కాదు. వాలినప్పుడు చూడు. తేనీగైతే రెక్కలు వీపు మీదికి ముడుసుకుంటాది. ఇది సాపి పెట్టుకోనుంటాది."

కాసేపటికి అది నేలమీద వాలింది. అవ్వ చెప్పినట్టే రెక్కలు పక్కలకు పరిచి ఉన్నాయి. లెక్కపెట్టాను, రెండే. తేనెటీగకు నాలుగుంటాయి. మీసాలు కూడా మరీ కురచ. రెక్కల్లో ఒంటివైపు సగం నలుపు, మిగతా సగం గాజులాగా ఉంది. ఈగలకు రెండే రెక్కలని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న దాన్ని, మేకల అవ్వ చెబితే తప్ప చూడలేదు.

ఆ తర్వాత వానలు పడ్డాక వచ్చే ఆదివారాలన్నీ దిన్నె మీదే గడిచాయి. ఒంటరి తేనెటీగలు మట్టిలో బొక్కలు తవ్వుకునే చోటు అవ్వే చూపించింది. మా ఈగ ఆ బొక్కల మీద ఎగురుతూ, తోక విదిలించి గుడ్లు లోపలికి విసిరేది. దాని పిల్ల పెరిగి లోపలున్న తేనెటీగ పిల్లను తినేస్తుందని అవ్వకు చెప్పాను.

"తేనీగ తల్లికి తెలీదు కదా పాపం. బొక్క పూడ్సి పోతాది," అంది.

ఎక్కడో దూరంగా ఉన్న ఒక కీటకాల పరిశోధకుడికి ఫొటోలు పంపేదాన్ని. ఆయన ప్రతిసారీ ఓపికగా ఒకటే రాసేవారు. ఇది ఏ కుటుంబానిదో ఫొటోలో తెలుస్తుంది, ఏ జాతిదో తెలియాలంటే రెక్కల్లోని ఈనెలు మైక్రోస్కోపులో చూడాలి, ఒకదాన్ని పట్టి పంపండి, ఇంతవరకు ఎవరూ పేరు పెట్టనిదైనా కావచ్చు అని. చంపడానికి చేతులు రాక రెండేళ్లు వాయిదా వేశాను.

మూడో ఏడు వెళ్లేసరికి అవ్వ ఒక్కతే రాయి మీద కూర్చుని ఉంది. మేకలు లేవు.

"సంతలో ఇచ్చేసినా. ఈ దిన్నె అమ్మినారంట, ప్లాట్లేస్తారంట. వచ్చే వారం జేసీబీ వస్తాది. నేను సోమందేపల్లికి, నా కూతురింటికి పోతాండా."

ఆ రోజే వలతో ఒక ఈగను పట్టాను. సీసాలో వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టాను. మర్నాడు భద్రపరచడానికి సూది గుచ్చేటప్పుడు చెయ్యి జారి, బొటనవేలు దాని వీపు మీద రుద్దుకుంది. దూదిలో సర్ది పరిశోధకుడికి పంపించాను. నెల తర్వాత జవాబు వచ్చింది. రెక్కలు చిరిగాయి, నూగు రాలిపోయింది, కుటుంబం వరకే చెప్పగలను, ఇంకొకటి పంపగలరా అని.

అప్పటికి దిన్నె చదునైంది. ఎర్రమట్టిలో వరసగా తెల్లరాళ్లు పాతారు. తేనెటీగలు కొన్ని తమ బొక్కలున్న చోటు కోసం ఆ మట్టి మీద ఇంకా చుట్లు కొడుతున్నాయి.

గోరంట్ల దారిలో, ధర్మవరంలో రైలుకట్ట పక్కన ఒక సీజనంతా వెతికాను. ఆ కుటుంబానివే వేరే ఈగలు కనిపించాయి. ఏ రెక్కలోనూ నలుపు లేదు.

మొన్న బస్సు మారడానికి సోమందేపల్లిలో దిగితే, ఒక అంగడి ముందు అవ్వ కనిపించింది. గుర్తుపట్టింది.

"దాని పేరు తెలిసిందా అమ్మా?"

"లేదవ్వా. నేను చంపి పంపింది పాడైపోయింది."

"ఇంకోటి యాడా దొరకలేదా?"

"లేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మరి దాన్ని చంపింది దేనికి?"

పెనుకొండ బస్సు వస్తే ఎక్కేశాను.