సైరా చదివిన గాయాలు

డిగ్రీ అయ్యాక లా చదువుతానంది సైరా. తండ్రి నాగూర్ బాషా జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలుకు ఆటో నడుపుతాడు. "ముందు ఎవరి దగ్గరైనా పనిచేసి చూడమ్మా. ఆ గొడవలు నీ వల్ల అవుతాయో లేదో తెలుస్తుంది," అన్నాడు.

నందిగామలో క్రిమినల్ కేసులు చూసే అడ్వకేట్ కమలాకుమారి దగ్గర చేరింది. దెబ్బలు తిన్నవాళ్ళకు డాక్టర్ ఇంగ్లీషులో రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్లను కక్షిదారులకు తెలుగులో చదివి చెప్పడం ఆమె పని. తల మీద ఎనిమిది సెంటీమీటర్లు, ఎముక కనపడే లోతు. పొట్టలో బీరు సీసా ముక్క. భర్త పెట్టిన వాతలు పదకొండు. మొదటి వారం బస్టాండులో కక్కుకుంది. రెండో నెలకు అన్నం తింటూ చదవగలిగింది. అది ఆమెకు నచ్చలేదు.

జులైలో కమలాకుమారి కక్షిదారు రాంబాబు కేసు విచారణకొచ్చింది. మిర్చి చేను గట్టు దగ్గర, చనిపోయిన తమ్ముడి భార్య ఆదెమ్మను కొడవలితో నరికాడని కేసు. ఎడమ ముంజేతి మీద మూడు నరుకులు. రెండు వేళ్ళు పోయాయి. ఆమె చెయ్యి గడ్డి కోసే మిషన్‌లో పడిందని రాంబాబు వాదన.

సాక్షిని అడగబోయే ప్రశ్నలు ముందురోజు ఆఫీసులో అడిగి చూసుకోవడం కమలాకుమారి అలవాటు. సైరాను ఎదురుగా నిలబెట్టింది.

"ఇప్పుడు నువ్వే ఆదెమ్మవి. మిషన్‌లో గడ్డి పెడుతున్నావు. అవునా?"

"లేదండి. చేలో ఉన్నా. బావగారు ఎదురొచ్చి నరికారు."

"నరుకుతుంటే చూస్తూ నిలబడ్డావా?"

"ఇలా అడ్డం పెట్టానండి," అని సైరా కుడిచెయ్యి ఎత్తింది.

గోడవారన కూర్చున్న రాంబాబు లేచాడు. "ఆ చెయ్యి కాదమ్మాయ్, ఎడం చెయ్యి. కుడిచేత్తో నా చొక్కా పట్టుకుంది కదా."

టేబుల్ మీది ఇనుప స్కేలు తీసుకున్నాడు. సైరా ఎడమ మణికట్టు పట్టుకుని పైకి లేపాడు. "మొదటిది ఇక్కడ. అయినా వదల్లేదు. అప్పుడు ఇట్టా." స్కేలు మూడుసార్లు దిగింది. మూడోదానికి చర్మం చిట్లింది. అతని మొహంలో కోపం లేదు. పని చూపించేవాడి శ్రద్ధ ఉంది.

"రాంబాబు గారూ, కూర్చోండి," అంది కమలాకుమారి.

అతను చేతిలో స్కేలు చూసుకుని కింద పెట్టాడు.

అతను వెళ్ళాక కమలాకుమారి దూదితో నెత్తురు తుడిచింది. "ఇక్కడ విన్నది ఈ గడప దాటకూడదు. తెలుసుగా?"

"తెలుసండి."

"రేపు వస్తావా?"

"వస్తానండి."

మర్నాడు ఆదెమ్మ బోనెక్కింది. మిషన్ ఎప్పుడు కొన్నారు, బ్లేడు ఎవరు నూరారు, ఆ రోజు కరెంటు ఎప్పుడొచ్చింది. గంటసేపు కమలాకుమారి అవే అడిగింది. ఆదెమ్మ తడబడింది. ఆదెమ్మ తరఫున వాదించాల్సిన ప్రభుత్వ వకీలు, పీపీ, లేచి తాను అడిగేదేమీ లేదన్నాడు.

చెయ్యి ఎలా అడ్డం పెట్టావో చూపించమని అతను ఆమెను అడగలేదు. ముంజేతి బయటివైపు, మూడు చోట్ల, విడివిడిగా. మిషన్ అలా కొయ్యదు. రాంబాబు ఒప్పుకోనక్కర్లేదు, సర్టిఫికెట్‌లోనే ఉంది. వెనక బెంచీలో సైరా వాచిన చెయ్యి పట్టుకుని కూర్చుంది. అక్కడ నోరెత్తే హక్కు ఆమెకు లేదు.

బయట మెట్ల దగ్గర ఆదెమ్మ రాంబాబు మీద పడి చెవి కొరికింది. ముక్క తెగేదాకా వదల్లేదు. కానిస్టేబుల్ ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. మధ్యాహ్నానికి ఆమె మీద కేసు పెట్టారు. రాంబాబు కొత్త వూండ్ సర్టిఫికెట్ ఆఫీసుకొచ్చింది. సైరా చదివి, మడిచి టేబుల్ మీద పెట్టింది.

"రేపటి నుంచి రానండి. లా సీటుకి కౌన్సెలింగ్ ఉంది."

"ఇంత చూశాక కూడానా? మూడేళ్ళు చదవాలి."

"ఆదెమ్మ మీద పెట్టిన ఈ చెవి కేసు విచారణకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందండి?"

కమలాకుమారి కళ్ళజోడు తీసి ఆలోచించింది. "నాలుగు."

"అయితే చాలండి," అంది సైరా.