ఇంటిపేరు లేని పిట్టలు

ఆ చెక్కల కార్ఖానాలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. కంప్యూటర్లో గీసిన బొమ్మను లేజర్ మిషన్‌కు అప్పగించి పలక మీద కోయించడం ఆమె పని. కిటికీ ఎండలో చెక్కపొడి తేలుతూంటే ఆ గది ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుంటుంది. ఆమె కూడా అంతే. చేతులు ఇక్కడ, మనసు ఎక్కడో.

ఆవేళ మనసు ఆస్పత్రిలో ఉంది. చెల్లెలు పసిబిడ్డతో సాయంత్రం ఇంటికొస్తోంది. డాక్టర్లు మంచం దిగకూడదన్న రోజుల్లో ఆ చెల్లెలు పడుకునే ఉండి కంప్యూటర్లో ఒక పిట్టల గుంపును గీసింది, ఉయ్యాల పక్కపలక కోసం. బిడ్డను మొదటిసారి అందులోనే పడుకోబెట్టాలని ఆమె ఆశ.

మిషన్ ఆ ఫైలు తెరవనంది. ‘ఎక్స్‌లింక్’ అన్న మాట ఎవరి తాలూకో చెప్పలేదని ఎర్రక్షరాల్లో విసుక్కుంది.

"ఏం మరిదిగారూ, ఇందులో ఏమైనా కెలికారా?"

"కెలకడమేంటి వదినా, శుభ్రం చేశా," అన్నాడు చెల్లెలి మొగుడు, ఉయ్యాల కోళ్లకు గరుకుకాగితం రుద్దుతూ. "ఫైలు లోపలి రాతల్లో పైన ఏదో వెబ్‌సైట్ అడ్రసుంటే యాడ్ అనుకుని పీకేశా."

"మీ శుభ్రం తగలెయ్య!"

"పోనీ, ఆ మాట కూడా అన్నిచోట్లా పీకెయ్. గొడవ వదులుతుంది."

పీకేసింది. ఫైలు తెరుచుకుంది. అంత పెద్ద ఆకాశంలో ఒకే ఒక్క పిట్ట.

"ఒక్కటైతేనేం, బానే ఉందిగా. టైమవుతోంది వదినా!"

"ఇది నా చెల్లి గీసింది కాదు."

చెల్లెలు నిజంగా గీసింది ఒక్క పిట్టనే. తక్కినవన్నీ దాన్నే చూపించి, అలాంటిదే ఇక్కడా రావాలని పిలిచిన పిట్టలు. ఆ పిలుపే ఎక్స్‌లింక్. ఆ పిలుపుకో ఇంటిపేరు కావాలి, అదే పైనున్న అడ్రసు. దాని తలుపు ఎవరూ తట్టరు. ఆనకట్ట నీళ్లలో మునిగిపోయిన ఊళ్లు కొన్ని ఇలాగే మనుషుల ఇంటిపేర్లలో బతుకుతుంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లుండరు, ఆ పేరు లేకపోతే మాత్రం ఫలానావాళ్లని పోల్చుకోలేం.

మిషనక్క పీకిన మాటలన్నీ వెనక్కి తెచ్చి, ఇలాంటి బొమ్మలన్నిటికీ అదే ఇంటిపేరు గనక పాత ఫైలొకటి తెరిచి ఆ అడ్రసును ఉన్నదున్నట్టు తెచ్చి పైన అతికించింది. తెర మీద పిట్టలు ఒక్కసారిగా వాలాయి.

మిషన్ కదిలింది. కాలిన చెక్క వాసన గదంతా అలముకుంది. కోసిన చోటల్లా చిన్న చెక్కపిట్ట జారి కింద పడుతోంది. మరిది మోకాళ్ల మీద కూర్చుని, వెచ్చవెచ్చని పిట్టల్ని ఏరి జేబులో వేసుకుంటున్నాడు.

పలక బిగించాక ఆమె ఉయ్యాలను మెల్లగా ఊపింది. గోడ మీద వెలుతురు పిట్టలు ఊగాయి.

"ఇంకా చూస్తారేం? వెళ్లి తీసుకురండి వాళ్లని."

అతను జేబు గలగలలాడించుకుంటూ పరుగెత్తాడు.