గోవిందరాజులు చెయ్యెత్తిన పక్షి

గోవిందరాజులుకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఇది మెచ్చుకోలనుకునేరు, కాదు. నలభై మూడేళ్లు ఆయనతో కాపురం చేసిన మంగతాయారు ఫిర్యాదు. కొత్త వియ్యపురాలు మొదటిసారి భోజనానికి పిలిచి, "పులుసు ఎలా ఉందన్నయ్యగారూ?" అని అడిగితే, "ఉప్పెక్కువైందమ్మా" అన్న మనిషి. ఆ పూట మంగతాయారు తలెత్తుకోలేకపోయింది.

బందరు నుంచి ఎనభై రెండులో హాంబర్గ్ వచ్చాడాయన. విమానాల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. రెక్కల లోహంలో వెంట్రుకవాసి పగులున్నా కంటితో పట్టేసేవాడు. మెషీన్లు వచ్చాక కూడా "ఒకసారి హెర్ రాజులుకి చూపించండి" అనేవారట. మంగతాయారు మత్తు డాక్టరు. ముప్ఫై ఏళ్లు ఆపరేషన్ బల్లల దగ్గర నిలబడి పరాయివాళ్ల కనురెప్పలు విప్పి చూసింది. ఈ మాట ఇప్పుడు ఆవిడ ముందు ఎవరూ అనకూడదు.

ఆయనకి పక్షుల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. అక్కడి పక్షుల క్లబ్బుతో కలిసి ఆదివారం ఐదింటికే లేచి, ముసురులో, ఈదురుగాలిలో ఎల్బ నది గట్టున బైనాక్యులర్స్ పట్టుకు నిలబడే పిచ్చి. ఆయన నోట్‌బుక్‌కి ఒకటే నియమం: కంటితో చూసిందే రాయాలి. ఓల్స్‌డార్ఫ్ శ్మశానంలో ఒక గుడ్లగూబ కూత తొమ్మిది చలికాలాలు విన్నాడు, చూడలేదు, రాయలేదు. "విన్నారుగా, రాసెయ్యండి, ఎవడొచ్చి అడుగుతాడు?" అని ఫ్లాస్కు పట్టుకుని వణుకుతూ ఆవిడ అనేది. "నేనడుగుతాను" అనేవాడు.

ఆ నోట్‌బుక్‌లో ఎక్కని పక్షుల్లో ఆయన కలవరించేది ఒక్కటే, షూబిల్. ఉగాండా చిత్తడి నేలల్లో ఉండే బూడిదరంగు కొంగ. మనిషి నడుం దాటిన ఎత్తు, చెక్కచెప్పు తగిలించినట్టుండే ముక్కు. గంటలకొద్దీ కదలకుండా నిలబడుతుంది. ఈ సెప్టెంబరులో క్లబ్బువాళ్లు ఎనిమిది మంది గైడుని మాట్లాడుకుని అక్కడి నేషనల్ పార్కుకి బయల్దేరుతుంటే, ఆయన అందరికంటే ముందు పేరిచ్చాడు. ఆయనకి తోడుగా మంగతాయారూ బయల్దేరింది.

ఆ ఏడాదంతా ఆయన తీరు కొంచెం వింతగానే ఉంది. మార్చిలో కారు అమ్మేశాడు. "భూమి వేడెక్కిపోతోంది తాయారూ" అన్నాడు. పక్కింటివాళ్లు పొంగిపోయి కేకు తెచ్చిచ్చారు. పేపరు మానేశాడు, "అంతా చెత్తే" అన్నాడు. కాఫీ కప్పు పక్కన పోశాడు రెండుసార్లు. "చూసి పొయ్యండి, ఎటో చూస్తూ పోస్తారేం?" అని ఆవిడ కసిరి గుడ్డ తెచ్చి తుడిచింది. తుడిచింది కానీ ఆలోచించలేదు. అబద్ధం చేతకాని మనిషి చెబుతుంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

పార్కులో వాళ్ల గైడు పేరు ఒకెల్లో. నెమ్మదస్తుడు. మూడోరోజు పొద్దున్న పడవలో నైలు నది మీద తీసుకెళ్లి, ఒక గట్టు దగ్గర దింపి, నీటికి అవతల రెల్లులోకి చెయ్యి చాపాడు. అక్కడ నిలబడి ఉంది షూబిల్. ఒకెల్లో స్టాండు మీద టెలిస్కోపు గురిపెట్టి వరసలో రమ్మన్నాడు. పక్షులు చూసేవాళ్ల మర్యాద అది, మనిషికి పది సెకన్లు, తర్వాత పక్కకి తప్పుకోవాలి. క్లబ్బావిడ ఫ్రౌ పీటర్సన్ చూసి కళ్లు తుడుచుకుంటూ తప్పుకుంది. తర్వాత గోవిందరాజులు వంగాడు. పది సెకన్లు కాదు, చాలాసేపు వంగే ఉన్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"అబ్బ! ఆ ముక్కు చివర కొక్కెం చూశావా తాయారూ! కన్ను లేత పసుపు. తల వెనక చిన్న పింఛం కూడా ఉంది" అన్నాడు లేస్తూ. అదే మాట జర్మన్‌లో అందరికీ చెప్పాడు. అందరూ ఆయన భుజం తట్టారు.

మంగతాయారు వంగి చూసింది. బురద నీళ్లు. ఎండిన రెల్లు మొదళ్లు. ఇంకేం లేదు.

"ఇక్కడ పక్షి లేదండీ" అంది ఒకెల్లోతో ఇంగ్లీషులో.

ఒకెల్లో వచ్చి చూసి స్టాండు సరిచేశాడు. "ఎవరి కాలో తగిలింది మేడమ్, కిందికి వాలిపోయింది. పక్షి అక్కడే ఉంది, కదల్లేదు" అన్నాడు.

"అయ్యో, నా కాలే. తప్పుకుంటున్నప్పుడు తగిలింది" అంది ఫ్రౌ పీటర్సన్. అనేశాక తన తర్వాత చూసింది ఎవరో ఆవిడకి గుర్తొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిగతా ఏడుగురికీ అర్థమైంది. గోవిందరాజులు మాత్రం నవ్వుతూ నది వైపు తిరిగి నిలబడ్డాడు. మంగతాయారుకి తెలిసిపోయింది. పుస్తకంలో చదివిందంతా ఆయన అప్పజెప్పాడు.

సాయంత్రం టీ దగ్గర పద్ధతి ప్రకారం ఒకెల్లో ఆ రోజు పక్షుల పేర్లు చదివాడు. పేరు చదవగానే చూసినవాళ్లు చెయ్యెత్తాలి. షూబిల్ పేరు వచ్చింది. ఏడు చేతులు లేచాయి, అవీ బితుకుబితుకుమంటూ. అందరూ కప్పుల్లోకి చూస్తున్నారు. ఎత్తకండి, దేవుడా, ఎత్తకండి, అనుకుంది మంగతాయారు. గోవిందరాజులు చెయ్యి లేచింది. గుడ్లగూబని తొమ్మిదేళ్లు రాయని మనిషి చెయ్యి అది. మంగతాయారు టీ కప్పు పక్కన పెట్టేసింది. ఆయన్ని లేవదీసి వసారాలోకి తీసుకెళ్లింది.

"ఎప్పట్నుంచండీ?"

ఆయన బుకాయించలేదు. "ఫిబ్రవరి నుంచి కుడి కన్ను. ఎడమది జూన్‌లో మొదలైంది. ఎటు చూస్తే అక్కడ మసి పూసినట్టు ఒక మచ్చ. అంచుల్లో బాగానే కనిపిస్తుంది."

"డాక్టర్‌కి చూపించలేదా?"

"చూపించాను. మాకుల అన్నాడు, కంటి వెనక పొర మధ్యలో చెడిపోతోందట. కంట్లో సూది మందు వెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దు అని క్లినిక్‌కి రాసిచ్చాడు. వాళ్లిచ్చిన టెర్మిన్ తేదీ ఆగస్టు చివర్లో వచ్చింది. వేస్తే నెలనెలా వెయ్యాలి, ప్రయాణం మానుకోమంటారేమోనని..."

"అని?"

"జరిపించుకున్నాను. అక్టోబరుకి. ఎడమ కన్ను అప్పటికింకా కాస్త పనిచేస్తోంది తాయారూ. అది ఉండగా ఈ ఒక్కటీ చూసేసి వద్దామనుకున్నాను. ఇక్కడికొచ్చిన రెండో రోజే అదీ మూసుకుపోయింది."

ఆవిడకి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కౌగిలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. "నాతో చెప్పాల్సింది" అంది, అంతే.

"నువ్వు డాక్టరువి. చెబితే రానిచ్చేదానివి కాదు."

నిజమే, రానిచ్చేది కాదు. చెప్పకపోయినా కనిపెట్టాల్సింది కూడా తనే. గుడ్డతో కాఫీ తుడిచిన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"మరి చెయ్యెందుకెత్తారు?" అని అడిగింది.

"ఎత్తకపోతే రేపు మళ్లీ నాకోసమని అందర్నీ అక్కడికే తీసుకెళ్తాడు ఒకెల్లో. వాళ్లందరి ముందూ మళ్లీ వంగి చూడాలి. నావల్ల కాదు తాయారూ."

మర్నాడే టికెట్లు మార్చుకుని వెనక్కి వచ్చేశారు. ఆవిడ పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసి, బతిమాలి, ఆ వారంలోనే క్లినిక్‌లో చూపించింది. పడుచు డాక్టరమ్మ తెర మీద బొమ్మ తిప్పి చూపించింది. రెండు కళ్లలోనూ సరిగ్గా మధ్యభాగంలో మచ్చ కట్టేసింది. "ఆగస్టులో వచ్చి ఉంటే ఎడమ కన్ను కొంతైనా నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు సూది వేసినా చూపు రాదు" అంది. మంగతాయారు కూడా తన ఉద్యోగంలో ఎందరికో ఇదే గొంతుతో ఇలాంటి మాటలే చెప్పింది. అవతల కూర్చుని వినడం ఆవిడకి ఇదే మొదలు.

నర్సు ఆయనకి ఒక కిటుకు నేర్పింది. మచ్చ ఎప్పుడూ చూపు మధ్యలోనే ఉంటుంది కనక, దేన్నైనా చూడాలంటే దాన్ని చూడకూడదట, పక్కకి చూడాలట. అప్పుడు అంచులోంచి కొంత దొరుకుతుందట. రోజూ సాధన చెయ్యమంది.

ఇంటికొచ్చాక వంటింట్లో బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. బయట వాన. ఆయన ఆవిడకి ఎడంగా ఉన్న గోడని చూస్తూ, మెడ కొంచెం కొంచెం తిప్పుకుంటూ వెతికాడు.

"ఆఁ, దొరికావు. కదలకు. పళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి" అన్నాడు, గోడతో మాట్లాడుతున్నట్టుగా. "నవ్వుతున్నావా తాయారూ?"

ఏడుపు బయటికి రాకుండా ఆవిడ పళ్లు బిగబట్టి ఉంది. చెంపలు తడిసిపోతున్నాయి.

"ఆఁ, నవ్వుతున్నానండీ" అంది.