కరెంటు బాబు శుభాకర్

పోర్టు కళాసీ జోజిగారి కొడుకు శుభాకర్ ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, బొంబాయిలో ఏడాదిపాటు రేడియేషన్ పాఠాలు నేర్చుకుని, 1984లో మా ఆసుపత్రికి శిక్షణకు వచ్చాడు. నేను అక్కడ చీట్లు రాసేవాణ్ణి. క్యాన్సరుకు రేడియేషన్ ఇచ్చే కోబాల్టు మిషను ఎవరికి ఎన్ని నిమిషాలు పెట్టాలో లెక్క కట్టడం, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో కొలవడం అతను నేర్చుకోవలసిన పని. డాక్టరా అంటే కాదు, కాంపౌండరూ కాదు. ఆ వైద్యాన్ని మావైపు 'కరెంటు పెట్టడం' అంటారు కనుక రోగులు 'కరెంటు బాబు' అని పిలిచేవారు. అతనూ ఆ మాటే వాడేవాడు. ఒక్క నిమిషం ప్రార్థించుకోనిదే మిషను గది తలుపు తీసేవాడు కాదు.

ఎలమంచిలి వైపు నుంచి వచ్చిన అసిరమ్మకు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు. దానివల్ల అంగిట్లో పుండు. ఇరవై అయిదు రోజుల వైద్యంలో పన్నెండో రోజున ప్రయాణం కట్టింది.

"నాను ఎల్లిపోతాను బాబూ."

"నొప్పిగా ఉందా మామ్మా?" అని అడిగాడు శుభాకర్.

"నొప్పి కాదు బాబూ," అంది కూతురు చిలకమ్మ, చంకలో ఏడాది పిల్లను సవరించుకుంటూ. "వొంట్లో కరెంటుందట. ముట్టుకుంటే పిల్లకి షాకు కొట్టేత్తాదట. పన్నెండు రోజులై దీన్ని ఎత్తుకోటం నేదు."

"మరి నువ్వే కదేటి!" అంది అసిరమ్మ. "కరెంటు పెడతన్నాం, లోపల ఎవులూ ఉండకూడదని తలుపేసి పారిపోతావు. నువ్వే బయపడిందానికి నా మనవరాల్ని ఎదురెడతానేటి?"

శుభాకర్ ముఖం చిన్నబోయింది. సగంలో మానేస్తే పుండు మళ్ళీ పెరుగుతుందని అతనికి తెలుసు. "తప్పు నాదే మామ్మా. కరెంటు అన్న మాట నేను వాడకుండా ఉండాల్సింది," అని లోపలికి వెళ్ళి, రేడియేషన్ ఉంటే టిక్కుమనే మీటరు తెచ్చి ఆమె చెంప దగ్గర పెట్టాడు. కాసేపటికి టిక్కుమంది.

"అదిగో! ఉంది!"

గోడ దగ్గర పెట్టాడు. అక్కడా అంతే. తన గుండె దగ్గరా అంతే. "ఈ కాస్తా మట్టిలో, గాలిలో దేవుడు పెట్టిందే మామ్మా. అందరికీ ఉంటుంది. మిషనుది తలుపేసిన ఆ రెండు నిమిషాలే. దీపం ఆర్పేస్తే గదిలో వెలుగు మిగుల్తుందా?"

"మిగల్దు." ఆలోచించింది. "అయితే నీకూ నాకూ గోడకీ ఒకటే కరెంటా! ఏదీ, పిల్లకి కొలిసి సూడు."

కొలిచాడు. పిల్ల మీటరు తీగ పట్టుకు లాగింది. అసిరమ్మ చేతులు ముందుకు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చాయి. ఒళ్ళోకి తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. నేను కళ్ళు తుడుచుకుని చీటీల వైపు తిరిగాను.

"రేపు ఏ టయానికి రావాల బాబూ?" అని అడిగింది అసిరమ్మ.