రెండు రోజులు ఆగిన ఆలివ్ కాయలు

పెర్త్‌కి ఉత్తరంగా గంటన్నర దూరంలో ఒక స్పెయిన్ పెద్దాయనకి ఆలివ్ తోట ఉంది. ఆయనకి ఎనభై దాటాయి. ఆదివారం సంతలో నూనె కొంటూ పరిచయమయ్యాను. అప్పటినుంచి కాపు దించే రోజుల్లో, పెర్త్ శివార్లలో మేముండే కానింగ్ వేల్ నుంచి వెళ్లి సాయం చేస్తున్నాను. ఆయన నన్ను వాళ్ల భాషలో కొడుకా అని పిలిచేవాడు. నేను అంకుల్ అంటాను.

పొడవాటి కర్రతో కొమ్మలు దులుపుతూ వాళ్ల ఊరి సంగతులు చెప్పేవాడు. కొండ మీద సున్నం కొట్టిన ఇళ్లు, కింద కనుచూపు మేరా ఎర్రనేల మీద చుక్కల ముగ్గు పెట్టినట్టు ఆలివ్ చెట్లు. చలికాలం కాపు దించేటప్పుడు ఊళ్లో తలుపులన్నీ మూసే ఉండేవట. మగవాళ్లు దులిపితే ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఏరేవారట. పది గంటలకి చితుకుల మంట మీద రొట్టె కాల్చి, వెల్లుల్లి రుద్ది, నూనె పోసుకుని తినేవారట. ఏ రోజు కాయ ఆ రోజే గానుగకి చేరాలి. కాయని ఇంట్లో ఉంచుకున్నవాణ్ని చూసి ఊరంతా నవ్వేదట.

"మా అక్క అక్కడే ఉంది. ఏటా ఒక సీసా పంపిస్తాను. రుచి చూసి ఫోన్ చేస్తుంది, 'తమ్ముడూ, తలుపు బందులకి బాగా పనికొచ్చింది' అని. ఆ నేలలో మన చెట్టు బతుకుతుందే గానీ కాయదంటుంది."

నిరుడు కాపు చూసి ఆయన మురిసిపోయాడు. "ఈసారి ఆ ముసలిదాని నోరు మూయిస్తాను."

డాక్టరు బండి నడపొద్దన్నాడు కాబట్టి గానుగకి చేర్చే పని నాది. శనివారం మధ్యాహ్నానికి క్రేట్లు నిండిపోయాయి. మిగిలిన కాయల్ని నేను ప్లాస్టిక్ బస్తాల్లో కూరుతుంటే అడ్డొచ్చాడు.

"బస్తాలొద్దు. కాయకి ఊపిరాడదు."

"గంటలో గానుగ దగ్గరుంటాను అంకుల్."

దారిలో మా ఆవిడ ఫోన్. మర్నాడు మా బావమరిది గృహప్రవేశం. టెంట్ వేయడానికి మనుషులు లేరట.

"వచ్చేస్తున్నా" అన్నాను.

"ఏవండీ, ఆ కాయలు డ్రాప్ చేసే రండి. పాపం, ప్రామిస్ చేశారు కదా."

"మా ఇంట్లో మిర్చి బస్తాలు నెలల తరబడి ఉండేవి. ఇవి రెండ్రోజులుండవా?"

"మీ ఇష్టం. తర్వాత నా వల్లే అనకండి."

గుంటూరు పక్క రైతు ఇంట్లో పుట్టాను, పంట సంగతి నాకొకరు చెప్పాలా అన్న పొగరు నాది. ఎండిన మిరపకాయకీ పచ్చికాయకీ తేడా తెలియని రైతుబిడ్డని. ఆదివారం గానుగకి సెలవు. కాయలు మా గరాజ్‌లోనే ఉన్నాయి. నేను గృహప్రవేశంలో గారెలు వడ్డించాను.

సోమవారం గానుగ దగ్గర బస్తా మూతి విప్పితే వేడి ఆవిరి కొట్టింది. పులిసిపోయిన దోసెల పిండి వాసన. గానుగతను ముక్కు మూసుకున్నాడు. "ఎప్పుడు కోశావు మేట్? ఇది పారెయ్." నేను వినలేదు. పట్టుబట్టి ఆడించుకుని, డబ్బాల్లో పట్టుకెళ్లాను.

పెద్దాయన చెంచాడు నోట్లో పోసుకుని, చెంచా పక్కన పెట్టేశాడు.

"శనివారమే ఆడించావుగా?"

"శనివారమే" అన్నాను.

ఆయన నమ్మాడు. తోట వైపు తిరిగాడు. "అయితే అక్క అన్నదే నిజం. ఈ నేలకి ఈ చెట్టు అబ్బలేదు."

అప్పుడే చెప్పాల్సింది. డబ్బాలు దించేసి వచ్చేశాను. మర్నాడు ఫోన్ చేద్దామనుకున్నాను, ఆఫీసులో మీటింగులన్నాను. ఆ మర్నాడు మరో వంక. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, చెట్లు కొట్టేవాడితో మాట్లాడానని, గురువారం వస్తాడని చెప్పాడు. తన తప్పుకి చెట్ల మీదకి గొడ్డలి వస్తున్నా ఇంకా ఒక రోజు ఆలోచించిన మనిషిని నేను.

బుధవారం సెలవు పెట్టి వెళ్లి, గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాను. గరాజ్, టెంట్, గారెలు, అబద్ధం.

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"నూనె పోతే పోయింది. ఇంకో ఏడు కాస్తాయి. తొమ్మిది రోజులు నా చెట్లని నేను తిట్టుకున్నాను. అది ఎలా తిరిగిస్తావు?"

ఆయన లేచి లోపలికి వెళ్లి, చెట్లు కొట్టేవాడికి రావద్దని ఫోన్ చేశాడు. నన్ను కూర్చోమనలేదు.

ఈ ఏడు కాపుకి పిలుస్తాడని ఆశ లేదు, కానీ పిలిచాడు. నాతో దులిపించాడు, రాలే కాయల కోసం చెట్టు కింద వల పట్టించాడు, రొట్టె కాల్చి పెట్టాడు. మూడింటికి ఒక అద్దె ట్రక్కు వచ్చింది. క్రేట్లన్నీ దాంట్లోకి నన్నే ఎత్తమన్నాడు. ఎత్తాను. డ్రైవరు పక్క సీట్లో ఆయన ఎక్కి కూర్చుని, గానుగ దాకా తోడు వెళ్లాడు.